జిప్సీకి ఏ ఇంజన్ పెట్టాలి: ఎస్టీమ్‌దా, బెలెనోదా, ఎంపీఎఫ్ఐ జిప్సీదా?

పాడేరు ఘాట్:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1997లో రిజిస్టరైన మారుతి జిప్సీ కింగ్ ఉంది. కార్బ్యురేటర్‌తో నడిచే 1298 సీసీ ఇంజన్, అయిదు గేర్ల బాక్సు, నా చేతికి వచ్చాక ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదు. చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు ఎక్కే ఘాట్‌లో వారానికి రెండు మూడు సార్లు తిరగవలసి ఉంటుంది. వెనుక కాఫీ బస్తాలో మిరియాల బస్తాలో తప్పక ఉంటాయి. రెండేళ్ల కిందటి వరకు మూడో గేరులో ఎక్కిన మలుపులను ఇప్పుడు రెండో గేరులో, అదీ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఎక్కవలసి వస్తోంది. వెనుక నల్లటి పొగ కూడా వస్తోంది.

ముగ్గురు మెకానిక్‌లను అడిగితే మూడు సమాధానాలు వచ్చాయి. ఎస్టీమ్ పదహారు వాల్వుల ఇంజన్ కూడా ఇదే ఇంజన్ కాబట్టి బోల్టులు విప్పి నేరుగా బిగించవచ్చని ఒకరు చెప్పారు. పెట్టేదేదో బెలెనో 1.6 పెడితే ఇక తిరిగి చూడనక్కరలేదని రెండో ఆయన అన్నారు. ఉన్న బ్లాకునే బోరింగ్ చేయించి సీసీ పెంచుదామన్నది మూడో ఆయన మాట. ఈ ఇంజన్లన్నీ ఒకే కుటుంబానివని విన్నాను కానీ, వాటిలో ఏది దేనితో నిజంగా కలుస్తుందో, ఏది పేరుకు మాత్రమే బంధువో తెలియడం లేదు. ఈ బండిని అమ్మే ఉద్దేశం లేదు. ఖర్చు ఒకసారే పెట్టి సరైన పని చేయించాలని ఉంది. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

స్పానర్ పెట్టె:

నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు ఈ ఇంజన్ల మీదే పనిచేశాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

సుజుకీ వారి జి వరుసలో మన దేశంలో తిరిగినవి ప్రధానంగా మూడు కొలతలవి. జెన్‌లో వచ్చిన జి10బి 993 సీసీ. దాని బోరు, అంటే సిలిండరు వ్యాసం, 72 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 61. మీ బండిలోనిది జి13బిఏ. బోరు 74, స్ట్రోకు 75.5, మొత్తం 1298 సీసీ, ఎనిమిది వాల్వులు, 60 హార్స్‌పవర్. దీనికే పదహారు వాల్వుల హెడ్, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటరుకు బదులు ప్రతి సిలిండరుకూ విడిగా పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి) ఇచ్చి జి13బిబి అన్నారు. అది ఎస్టీమ్‌లో 1999లో 85 హార్స్‌పవర్‌తోనూ, జిప్సీలో 2000లో 80 హార్స్‌పవర్‌తోనూ వచ్చింది. బోరు, స్ట్రోకు ఏమీ మారలేదు. బెలెనో సెడాన్‌లోని జి16బి మాత్రం బోరు 75, స్ట్రోకు 90, అంటే 1590 సీసీ. ఇక 1985లో మొదలైన పాత జిప్సీలోని 970 సీసీ ఎఫ్10ఏ ఈ కుటుంబానిదే కాదు. దాని సామాను దీనికి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు బోరింగ్ సంగతి. ఒక మిల్లీమీటరు బోరు తేడాతో 1298 సీసీ కాస్తా 1590 అయిపోలేదు. తేడా దాదాపు అంతా స్ట్రోకులోనే ఉంది. స్ట్రోకును నిర్ణయించే మీ క్రాంకును అలాగే ఉంచి బోరుతోనే 1590 సీసీ సాధించాలంటే సిలిండరును దాదాపు 82 మిల్లీమీటర్లకు కోయాలి. అల్యూమినియం బ్లాకులో పోత ఇనుప లైనర్లు కూర్చున్న ఇంజన్ ఇది. అంత కోతకు అందులో లోహమే ఉండదు. అరిగిన సిలిండరును అర మిల్లీమీటరు ఓవర్‌సైజుకు తీసి కొత్త పిస్టన్లు వేయడం మంచి పనే. అది రిపేరు అవుతుంది, పోయిన బలం తిరిగి వస్తుంది, అంతేగానీ సీసీ చెప్పుకోదగినంత పెరగదు.

ఎస్టీమ్ ఇంజన్ గురించి ఆ మెకానిక్ చెప్పింది సగం నిజం. ఎస్టీమ్‌లో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది. జిప్సీలో నిలువుగా కూర్చుంటుంది, దాని కిందే ముందు ఇరుసు ఉంటుంది. క్రాంకు, పిస్టన్లు ఒకటే కావచ్చు గానీ, ఇంజన్ చుట్టూ ఉన్నవి వేరు: ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి), దానిలోని నూనె పీల్చే గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డు తిరిగి ఉన్న దిక్కు, ఎగ్జాస్టు మానిఫోల్డు, మౌంటింగులు, నీటి గొట్టాలు బయటికి వచ్చే చోటు, ఫ్లైవీలు. వీటిని మీ పాత ఇంజన్ నుంచో మరో జిప్సీ నుంచో తెచ్చి ఒక్కొక్కటీ కొలిచి మార్చుకోవాలి.

ఒక సంఘటన చెబుతాను. ఎస్టీమ్ ఇంజన్ పెట్టిన ఒక జిప్సీ నా దగ్గరికి వచ్చింది. చదును రోడ్డు మీద ఏ లోపమూ లేదు, ఘాట్ దిగేటప్పుడు మాత్రం ముక్కు వంగగానే ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది. పెట్టినవారు ఆయిల్ ప్రెషర్ స్విచ్చి రెండుసార్లు మార్చారట. సంప్ విప్పి చూస్తే విషయం అర్థమైంది. సంప్ జిప్సీది వేశారు, లోపలి పీల్చే గొట్టం ఎస్టీమ్‌దే వదిలేశారు. ఆ గొట్టం చివరి జాలీ సంప్ అడుగుకు నా చూపుడు వేలు దూరేంత ఎత్తులో, నూనె చేరే గుంతకు పక్కగా వేలాడుతోంది. నూనె అందక బేరింగు షెల్స్ పైపూత అరిగి అప్పటికే రాగి రంగు తేలాయి. రెండింటినీ జతగా మార్చి ఉంటే క్రాంకు గ్రైండింగు ఖర్చు తప్పేది.

అందుకే నా సలహా: పదహారు వాల్వులు కావాలంటే ఎంపీఎఫ్ఐ జిప్సీ ఇంజన్‌నే వెతకండి. ధర ఎక్కువ పలుకుతుంది, దొరకడం కూడా కష్టం, కానీ సంప్ నుంచి మౌంటింగుల దాకా అది మీ ఛాసిస్ కోసమే పుట్టింది.

పెర్త్‌లో సియెరా:

ఆస్ట్రేలియా నుంచి రాస్తున్నాను, మాది భీమవరం. ఇక్కడ ఈ బండిని సియెరా అంటారు. దానికి 1.6 ఇంజన్ పెట్టడం ఇక్కడ చాలాకాలంగా ఉన్న అలవాటు, నా బండిలోనూ అదే ఉంది. కాబట్టి బెలెనో పక్షాన నాలుగు మాటలు చెప్పనివ్వండి.

జిప్సీలోని జి13బిబి 103 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, 4500 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. బెలెనో ఇంజన్ 94 హార్స్‌పవర్, 130 న్యూటన్ మీటర్లు. హార్స్‌పవర్ తేడాను పట్టించుకోకండి. టార్క్‌లో నాలుగో వంతుకు పైగా ఉన్న తేడాయే కొండ మీద మీకు తెలుస్తుంది. స్ట్రోకు పొడవు కావడం వల్ల తక్కువ వేగంలోనే ఇంజన్ పట్టు చూపిస్తుంది. గేరు మార్చవలసిన మలుపులో మార్చకుండానే బండి లాక్కుపోతుంటే కలిగే తృప్తి మాటల్లో చెప్పలేను. దీనికి ప్రతిగా ఇంజన్‌ను అదేపనిగా పైకి తిప్పకూడదు. 6000 ఆర్‌పీఎం దగ్గర మీ 1.3 పిస్టన్ సెకనుకు సగటున 15 మీటర్లు కదిలితే, 1.6 పిస్టన్ 18 మీటర్లు కదులుతుంది. ఇది లాగే ఇంజనే గానీ అరిపించే ఇంజన్ కాదు.

అయితే అమర్చడం తేలికని మాత్రం చెప్పను. స్ట్రోకు పెరిగిన మేరకు బ్లాకు ఎత్తు ఉంటుంది కాబట్టి హెడ్ బోనెట్‌కు దగ్గరవుతుంది. ఇంజన్‌ను కిందికి దింపుదామంటే సంప్ ఇరుసుకు దగ్గరవుతుంది. నేను ముందు స్ప్రింగులు పూర్తిగా అణిగే దాకా జాకీతో ఇరుసును పైకి ఎత్తి, సంప్ అడుగున మైనపు ముద్ద అంటించి ఎంత సందు మిగిలిందో కొలిచాను. మొదటిసారి ముద్ద పూర్తిగా నలిగి చదునైపోయింది. మౌంటింగులను తిరిగి చేయించి రెండోసారి కొలిస్తే రెండు వేళ్ల మందం మిగిలింది. బెలెనో కూడా అడ్డ ఇంజన్ బండే కనుక స్పానర్ పెట్టె గారు ఎస్టీమ్‌కు చెప్పిన మార్పులన్నీ దీనికీ ఉంటాయి. రేడియేటరు కూడా పెద్దది వేయాలి. ఇవన్నీ చేసిన మనిషి పక్కన ఉంటేనే 1.6 జోలికి వెళ్లండి.

నల్లమల దారి:

ఇంజన్ సంగతికి వెళ్లేముందు ఒక ప్రశ్న. మీ బండికి ఏ టైర్లు ఉన్నాయి? రెండేళ్ల కింద టైర్లు మార్చారా? అలాగే ఎవరైనా కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) కొలిచారా? ఈ రెండూ తెలియకుండా ఇంజన్ మార్చమని చెప్పడం సరికాదని నా అభిప్రాయం.

పాడేరు ఘాట్:

టైర్లు మార్చిన మాట నిజమే. వానాకాలంలో తోట దారి కోసం 235/75 ఆర్15 వేయించాను. సుమారు రెండేళ్లయింది. కంప్రెషన్ ఎవరూ కొలవలేదు. ఈ ఆదివారం కొలిపించి రాస్తాను.

నల్లమల దారి:

అయితే మీ సమస్యలో ఒక భాగం టైర్లలోనే దొరికింది. కంపెనీ వేసిన 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు, మీరు వేసినది సుమారు 733. అంటే దాదాపు పది శాతం పెద్ద చక్రం. ప్రతి గేరూ పది శాతం బరువెక్కినట్టే. మీ మూడో గేరు ఇప్పుడు పాత మూడో గేరు కాదు. దీనికి తోడు పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత ఎనిమిది తొమ్మిది శాతం తగ్గుతుంది. ఇంజెక్షన్ ఇంజన్ అయితే మానిఫోల్డులోని ఒత్తిడిని సెన్సర్‌తో చదివి పెట్రోలు తగ్గించుకుంటుంది. కార్బ్యురేటరుకు ఆ తెలివి లేదు. పైకి వెళ్లేకొద్దీ మిశ్రమం చిక్కనవుతుంది. మీరు చెప్పిన నల్ల పొగకు అదొక కారణం కావచ్చు, కార్బ్యురేటరులో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలైన జెట్లు అరిగి ఉండటం మరొక కారణం కావచ్చు.

ఇంకొక లెక్క చూడండి. ట్రాన్స్‌ఫర్ కేసులో (బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేరుపెట్టెలో) హై నిష్పత్తి 1.409, లో నిష్పత్తి 2.268. అంటే లో వేసినప్పుడు చక్రానికి అందే బలం 1.6 రెట్లు పెరుగుతుంది. బెలెనో ఇంజన్ ఇచ్చే లాభం కంటే ఇది ఎంతో ఎక్కువ. కాబట్టి తోట లోపలి బురద దారి కోసమైతే ఇంజన్ మార్పు అవసరమే లేదు. కానీ జిప్సీలో లో వేస్తే నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయి. పొడి తారు రోడ్డు మీద మలుపులు తిరుగుతూ అలా నడిపితే ఇరుసులు, గేర్లు మెలిపడి దెబ్బతింటాయి. అందుచేత ఘాట్ రోడ్డు మీద మీకు హై ఒక్కటే దిక్కు, అక్కడే ఇంజన్ బలం అవసరం. మీ అవసరం ఆ ఇరవై ముప్ఫై కిలోమీటర్ల తారు రోడ్డుకే పరిమితమని గుర్తుంచుకుని నిర్ణయించండి. ముందుగా పాత కొలత టైర్లున్న జిప్సీ ఎవరిదైనా ఉంటే, ఆ చక్రాలు ఒక్కరోజు అడిగి తెచ్చి, అదే బరువుతో అదే ఘాట్ ఎక్కి చూడండి.

పాడేరు ఘాట్:

మీరు చెప్పిన రెండు పనులూ చేశాను. మిత్రుడి చక్రాలు వేసి ఎక్కితే తేడా బాగా తెలిసింది. అయిదారు మలుపులు మూడో గేరులోనే దాటాను. అయినా మునుపటి ఊపు పూర్తిగా రాలేదు. కంప్రెషన్ కొలిస్తే ఒకటో సిలిండరు 165, రెండోది 160, మూడోది 115, నాలుగోది 158 పీఎస్ఐ వచ్చాయి. మూడో సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే 150కి లేచింది.

స్పానర్ పెట్టె:

ఆయిల్ పోయగానే అంకె అంతగా లేచిందంటే వాల్వుల లోపం కాదు, రింగులో సిలిండరో అరిగింది. మిగిలినవి కూడా గొప్పగా ఏమీ లేవు. కాబట్టి ఈ ఇంజన్ ఎలాగూ విప్పాల్సిందే. ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి: దీన్నే ఓవర్‌సైజు పిస్టన్లతో కొత్తగా చేయించడం, లేదా ఎంపీఎఫ్ఐ జిప్సీ ఇంజన్ పెట్టడం. పాత బ్లాకు మీద పదహారు వాల్వుల హెడ్ మాత్రం తెచ్చి పెడదామని ఎవరైనా చెబితే వద్దనండి. మీ పిస్టన్ తల ఎనిమిది వాల్వుల కోసం చేసినది.

ఎంపీఎఫ్ఐ వైపు వెళితే, సగం ఖర్చు ఇంజన్‌లో కాక పెట్రోలు దారిలోనూ వైరింగులోనూ ఉంటుందని ముందే తెలుసుకోండి. ఇప్పుడు మీ బండిలో పెట్రోలును లాగేది ఇంజన్‌కు బిగించిన చిన్న మెకానికల్ పంపు. దాని ఒత్తిడి కార్బ్యురేటరు గిన్నె నింపడానికి సరిపోతుంది. ఇంజెక్టర్లకు దాదాపు మూడు బార్‌ల ఒత్తిడి కావాలి. అంటే ట్యాంకులో మునిగి ఉండే కరెంటు పంపు, ఆ ఒత్తిడికి తట్టుకునే గొట్టాలు, ఫిల్టరు అన్నీ కొత్తగా రావాలి. మీ ట్యాంకులో ఆ పంపు దిగే మూతి లేదు. ఎంపీఎఫ్ఐ జిప్సీ ట్యాంకునే తెచ్చి వేయడం మేలు. పాత గొట్టాలకు క్లిప్పులు బిగించి సరిపెడతామనే వారి దగ్గర ఈ పని చేయించకండి. వేడి ఎగ్జాస్టు పక్కన మూడు బార్‌ల పెట్రోలు చిమ్మితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇంజన్ కొనేటప్పుడు దానితో పాటు ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు), పూర్తి వైరింగు, అన్ని సెన్సర్లు, ఇగ్నిషన్ కాయిళ్లు, థ్రాటిల్ బాడీ, యాక్సిలరేటర్ కేబులు ఒకే బండివి తీసుకోండి. వైరింగును కోసి ఇచ్చేవారి దగ్గర కొనకండి. తీగలను కలిపే కనెక్టర్లను ఊడదీసి ఇవ్వాలి. కోసిన నలభై తీగలను రంగులు చూసి అతికించిన బండ్లు వానాకాలం రాగానే ఒక్కొక్కటిగా వెనక్కి వస్తాయి. బిగించే ముందు టైమింగ్ బెల్టు, టెన్షనరు, నీటి పంపు, వెనుక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు కొత్తవి వేయించండి. ఇంజన్ బయట ఉన్నప్పుడు గంటలో అయ్యే పని, లోపలికి వెళ్లాక రెండు రోజులు పడుతుంది.

ఆర్‌సీ సంగతులు:

కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. మీ ఆర్‌సీలో ఇంజన్ నంబరుతో పాటు 1298 అనే ఘనపరిమాణం కూడా ఉంటుంది. అదే కంపెనీది, అదే సీసీ ఉన్నది, అదే మోడల్‌లో కంపెనీయే ఇచ్చిన ఇంజన్ కోసం అనుమతి అడగడం ఒక ఎత్తు. 1590 సీసీ కోసం అడగడం వేరొక ఎత్తు. బీమాలోనూ తేడా ఉంది. 2022 జూన్ నుంచి అమలైన ధరల్లో 1000 నుంచి 1500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897 రూపాయలు. డబ్బు కంటే ముఖ్యం, ఆర్‌సీలో లేని ఇంజన్‌తో ప్రమాదం జరిగితే బీమా సంస్థ ముందు మీ మాట నిలవదు.

మీ బండి 1997ది కాబట్టి పదిహేనేళ్లకు 2012లోనూ, ఆపై అయిదేళ్లకు ఒకసారి 2017, 2022లోనూ రిజిస్ట్రేషన్ పునరుద్ధరించి ఉంటారు; మళ్లీ 2027లో బండిని అధికారి ముందు నిలబెట్టాలి. అప్పుడు ఇంజన్ నంబరు చూస్తారు. కాబట్టి ఇంజన్ కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోండి. ఇంజన్‌కు జీఎస్టీ బిల్లు, అది ఊడివచ్చిన బండి ఆర్‌సీ రద్దయిన కాగితం నకలు తప్పనిసరిగా అడగండి. ఇవి ఇవ్వలేని చోట ఎంత చవకైనా కొనవద్దు.

పెర్త్‌లో సియెరా:

ఆర్‌సీ సంగతులు గారి మాట చదివాక నా సలహాను సవరించుకుంటున్నాను. ఇక్కడ ఇంజన్ మార్పును అర్హత గల ఇంజినీరు పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. ఆ దారి ఉంది కాబట్టే నేను 1.6 పెట్టగలిగాను. మీ పరిస్థితిలో నేనుంటే జి13బిబినే ఎంచుకునేవాణ్ని.

పాడేరు ఘాట్:

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. పాత కొలత టైర్లకు తిరిగి వెళ్తున్నాను. బురద రోజుల కోసం పెద్ద టైర్లను మరో జత రిమ్ములకు ఎక్కించి తోటలో ఉంచుతాను. ఎంపీఎఫ్ఐ జిప్సీ ఇంజన్ కోసం దరఖాస్తు రాసి ఇచ్చాను. అనుమతి రాకపోతే ఉన్న ఇంజన్‌నే ఓవర్‌సైజుతో చేయిస్తాను. చివరిగా ఒక్క సందేహం: అనుమతి వచ్చి కొత్త ఇంజన్ పెడితే, పాతదాన్ని అదే దుకాణానికి ఇచ్చేస్తే కొంత ధర తగ్గిస్తామంటున్నారు. ఇవ్వవచ్చా?

స్పానర్ పెట్టె:

ఇప్పుడే ఇవ్వకండి. కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కి కార్డు మీ చేతికి వచ్చే దాకా పాత ఇంజన్ మీ దగ్గరే ఉండాలి. ఏ కారణంగానైనా కాదంటే దాన్నే తిరిగి బిగించవలసి ఉంటుంది. నూనె దించేయకండి. ప్లగ్గు రంధ్రాల్లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించి, మానిఫోల్డు నోళ్లకు గుడ్డలు కుక్కి, నేలకు ఆనకుండా చెక్క దుంగల మీద పెట్టి టార్పాలిన్ కప్పండి. పాడేరు మంచుకు సిలిండరు గోడ నెల రోజుల్లో తుప్పు పట్టగలదు. ఇంకొకటి, నంబరు చెక్కిన చోట గ్రీజు పూసి ఉంచండి. అధికారి అడిగితే తుడిచి చూపించవచ్చు.